నాడీతంతువు బాటను కనుగొన్న శాంటియాగో రామోన్ ఇ కహాల్

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గురించి వ్రాయవలసిందిగా సంచికా సంఘంవారు నన్ను కోరినప్పుడు నా మనస్సు మొదట తెలుగు పెద్దలవైపే పోయింది. కాని వారిని గురించి వ్రాయడానికి మన ఉపాధ్యాయ బృందంలో నాకంటె సమర్థులున్నారు. నేను ఏళ్ళ తరబడి జీవశాస్త్రం బోధించినదానను. నాడీమండలం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు గుర్తుకు వచ్చే ఒక పరదేశీయుని కథను మీ ముందుంచుతున్నాను. నాడీకణం బొమ్మను మన పూర్వ విద్యార్థులందరూ ఏదో ఒకనాడు గీసినవారే. నక్షత్రంవంటి ఒక శరీరం, దానినుండి చీలిన కొమ్మలు, ఒక పొడవైన తోక. మార్కుల కోసం గీసి మరచిపోయిన ఆ కణం దేనికది విడిగా ఉంటుందనీ, దాని తోక పిండదశలోనే దారి వెదకుకొంటూ పెరుగుతుందనీ లోకానికి చూపినవారు శాంటియాగో రామోన్ ఇ కహాల్.

ఆయన 1852 మే 1వ తేదీన స్పెయిన్ దేశంలోని పెతీయా అనే చిన్న కొండపల్లెలో జన్మించారు. ఆ పల్లె పాలనరీత్యా నవార్ ప్రాంతానికి చెందినదే అయినా దాని చుట్టూ ఉన్న నేల అంతా ఆరగాన్ ప్రాంతానిది. పేరుకు ఒక సీమ, బ్రతుకుకు మరొక సీమ. మూడు వైపులా ఆంధ్రదేశం చుట్టుకొని ఉన్న మన పావగడ తాలూకా వారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. తండ్రి హుస్తో రామోన్ పేదరికంలో పుట్టి, క్షురకవైద్యుని వద్ద పనిచేస్తూ చదువుకొని, స్వశక్తితో వైద్యుడైన పట్టుదల గల మనిషి. కుమారుడు కూడా వైద్యుడే కావాలని ఆయన సంకల్పం. కుమారునికి మాత్రం చిత్రలేఖనం తప్ప మరొకటి రుచించలేదు. గోడలమీద, తలుపులమీద, పుస్తకాల అంచులమీద బొమ్మలే బొమ్మలు. ఒకసారి తండ్రి ఆ బొమ్మల విలువ తేల్చమని ఊరి చర్చి గోడలకు రంగులు వేస్తున్న పనివానికి చూపించగా, అతడు ఈ పిల్లవానికి చిత్రకళ అబ్బదని తీర్పు చెప్పాడట. ఇంట్లో కాగితాలు, కుంచెలు మాయమైనాయి.

పదేళ్ళ వయస్సులో అతనిని హాకా పట్టణంలోని మతగురువుల పాఠశాలకు పంపారు. అక్కడ లాటిన్ వ్యాకరణం కంఠస్థం చేయాలి. అప్పగించలేకపోతే దెబ్బలు, చీకటి గదిలో నిర్బంధం, తిండి లేకపోవడం. అతడు నేర్చుకొన్నది లాటిన్ కాదు, దెబ్బలకు ఓర్చుకొనడం. సుమారు పదకొండేళ్ళప్పుడు స్వయంగా తయారుచేసిన ఫిరంగితో పొరుగువారి తోట తలుపు పగులగొట్టి, కొద్దిరోజులు ఊరి ఠాణాలో కూడా ఉన్నాడు. విసిగిన తండ్రి చదువు మాన్పించి ఒక మంగలి వద్దా, తరువాత ఒక చెప్పులు కుట్టేవాని వద్దా పనికి పెట్టాడు. తోలు పనిలో ఆ బాలుడు చక్కని నైపుణ్యం చూపాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకొనకుండా ముందుకు పోలేను. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నా తరగతిలో నోటుపుస్తకం చివరి పుటలన్నీ బొమ్మలతో నింపే పిల్లవాడొకడుండేవాడు. పాఠం వినడం లేదని ఆ పుటలు చింపించి, తరగతి బయట నిలబెట్టాను. ఆ యేడాది గడవకుండానే అతడు బడి మానివేశాడు. ఇప్పుడు దుకాణాలకు బోర్డులు వ్రాసుకొని గౌరవంగానే జీవిస్తున్నాడు. ఎదురుపడితే నమస్కరిస్తాడు. తల వంచవలసి వచ్చేది నాకే.

కహాల్ జీవితంలో తలుపు తెరచినవాడు తండ్రే కావడం విశేషం. 1868 వేసవిలో ఆయన కుమారునికి శరీరశాస్త్రం నేర్పదలచి, పాడుపడిన శ్మశానంలోనుండి మనుష్యుల ఎముకలు ఏరి తెచ్చి ముందుంచాడు. పుస్తకం చూచి పారిపోయే పిల్లవాడు ఎముకను చూచి ఆగిపోయాడు. దానిని గీయవచ్చును గదా! ప్రతి గుంట, ప్రతి రంధ్రం, ప్రతి గరుకు అంచు పెన్సిలుతో దించుతూ దించుతూ పేరు పేరునా నేర్చుకొన్నాడు. తండ్రి నిషేధించిన చిత్రకళే తండ్రి కోరిన విద్యకు మెట్టయింది.

1873లో సరగోసాలో వైద్యపట్టా పుచ్చుకొన్న తరువాత సైన్యంలో వైద్యునిగా క్యూబా ద్వీపానికి పోయి, మలేరియా, విరేచనాలతో చిక్కిశల్యమై 1875లో తిరిగివచ్చారు. 1877లో మాడ్రిడ్‌లో డాక్టరేటు పరీక్షకు పోయినప్పుడు అక్కడి ఆచార్యుడొకరు సూక్ష్మదర్శినిలో కణజాలాన్ని చూపించారు. అంతే, మనస్సు అక్కడే నిలిచిపోయింది. ఇంటికి వచ్చి సొంత డబ్బుతో వాయిదాల మీద ఒక సూక్ష్మదర్శినిని కొన్నారు. మరుసటి యేడు క్షయ సోకి రక్తం కక్కుకొన్నారు, కోలుకొన్నారు. 1879లో సిల్వేరియా ఫన్యానాస్ అనే యువతిని వివాహమాడారు. 1885లో కలరా వ్యాపించినప్పుడు ఆయన చేసిన పరిశోధనకు కృతజ్ఞతగా సరగోసా ప్రాంతీయ ప్రభుత్వంవారు ఒక మేలైన జైస్ సూక్ష్మదర్శినిని బహూకరించారు. బంగారు పతకం ఇచ్చి ఉంటే పెట్టెలో ఉండిపోయేది!

ఆనాటి శాస్త్రలోకంలో ఒక పెద్ద తగవు నడుస్తూ ఉండేది. మెదడు, వెన్నుపాము అంతా ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన అఖండమైన వలయా, లేక విడివిడి కణాల సమూహమా? వల అనేవారిదే పైచేయి. తగవు తీర్చే సాధనం ఇటలీలో పుట్టింది. 1873లో కమిల్లో గోల్జీ అనే శాస్త్రజ్ఞుడు పొటాషియం డైక్రోమేట్‌లో ఊరిన నాడీకణజాలాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచగా, అక్కడక్కడ కొద్ది కణాలు మాత్రమే మొదలునుండి కొసవరకు నల్లగా రంగు పట్టాయి. అన్నీ రంగు పడితే చిక్కటి మసి తప్ప ఏమీ కనబడదు. నూటికి ఒకటో రెండో పడినందువల్లనే ఆకృతి తెలిసింది. కాని ఆ రంగు ఒకసారి పడితే పదిసార్లు పడదు కనుక చాలామంది విసిగి వదలివేశారు. 1887లో మాడ్రిడ్‌లో డాక్టర్ సిమార్రో ఇంట ఆ పలకలను చూచిన కహాల్ మాత్రం వదలలేదు. రెండు మార్లు వెండిలో ముంచి ఆ పద్ధతిని మెరుగుపరచారు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. పూర్తిగా ఎదిగిన మెదడులో తంతువులు కొవ్వుతొడుగు కప్పుకొని, కోటానుకోట్లుగా అల్లుకొని ఉంటాయి. ఆ చిక్కును విప్పడానికి తంటాలు పడేకంటె చిక్కు పడకముందే ఎందుకు చూడరాదు? చెట్లు దట్టంగా కమ్ముకొన్న తోపులో వేళ్ళ దారి తెలియదు, మొలక దశలో తెలుస్తుంది. అందుకని ఆయన కోడిగ్రుడ్లను ఆశ్రయించారు. పొదిగించిన గ్రుడ్లను మూడవనాడో నాలుగవనాడో తెరచి, బియ్యపుగింజ పరిమాణంలో ఉన్న పిండాలను తీసి పరిశీలించసాగారు.

1888లో బార్సిలోనాలో ఉండగా పరిశోధనా ఫలితాలు ఎంత వేగంగా వచ్చాయంటే, ప్రచురించే పత్రికలే లేకపోయాయి. తానే ఒక త్రైమాసిక పత్రిక స్థాపించి, మే నెలలో తొలి సంచిక అచ్చు వేయించారు. అరవై ప్రతులు మాత్రమే. ఖర్చంతా సొంతమే. ఆచార్యుని జీతం, ఇంటినిండా చిన్నపిల్లలు. సిల్వేరియా ఇంటి ఖర్చు కుదించుకొని ఆ భారాన్ని మోసిన ఇల్లాలు. బార్సిలోనాలోనే వారి కూతురొకతె మెదడు పొరల వాపు వ్యాధితో కన్నుమూసింది. ఆ రోజులలో కూడా ఆయన సూక్ష్మదర్శిని వద్దనే ఉన్నారని చరిత్రకారులు వ్రాస్తారు. దీనిని కొందరు దీక్ష అంటారు. ఆ తల్లి ఏమనుకొన్నదో ఎవరూ వ్రాయలేదు.

ఆ పత్రిక స్పానిష్ భాషలో ఉన్నది. అరవై ప్రతులలో అధికభాగం విదేశీ పండితులకు పంపినా, ఆనాడు శాస్త్రభాషలు జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లీషు. స్పానిష్ చదివేదెవరు? జూన్ నెల రాగానే టి.సి. కోసం నా గదికి వచ్చి, తెలుగులో చదివితే లోకంలో ఎవరు పలుకరిస్తారని అడిగే తల్లిదండ్రుల ప్రశ్న ఇదే. కహాల్‌కు ఈ ప్రశ్న ప్రత్యక్షంగా ఎదురైంది. ఆయన ఏమి చేశారంటే, 1889 అక్టోబరులో పలకలను పెట్టెలో సర్దుకొని, సొంత సూక్ష్మదర్శినిని వెంటబెట్టుకొని, సొంత ఖర్చుతో బెర్లిన్‌లో జరిగిన జర్మన్ శరీరశాస్త్రజ్ఞుల సభకు పోయారు. వచ్చీరాని ఫ్రెంచిలో ఒక్కొక్కరినే పిలిచి, కంటితో చూడమని వేడుకొన్నారు. చూచినవారిలో అందరికంటె పెద్ద, డెబ్బైరెండేళ్ళ ఆల్బర్ట్ ఫన్ కోలికర్ తన అభిప్రాయాన్నే మార్చుకొన్నారు. కహాల్ రచనలు చదవడానికే ఆ వృద్ధ పండితుడు స్పానిష్ నేర్చుకొన్నారంటారు. అయితే నేను ఒకవైపే చెప్పి తప్పించుకోరాదు. కహాల్ మాతృభాషలో ఆలోచించి మాతృభాషలోనే వ్రాసినా, ఫ్రెంచి, జర్మన్ గ్రంథాలను చదివి అర్థం చేసుకొనేటంత పట్టు సాధించారు. ఆయన మహాగ్రంథం కూడా ఫ్రెంచిలోనికి అనువాదమైన తరువాతనే లోకమంతటికీ చేరింది. కాబట్టి నా వద్దకు వచ్చే తల్లిదండ్రులకు నేను సగం సమాధానమే చెప్పగలుగుతున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. వేలికి ముల్లు గ్రుచ్చుకొంటే ఆ వార్తను వెన్నుపాముకు చేరవేసేవి జ్ఞాననాడులు. వాటి కణశరీరాలు చర్మంలోనూ ఉండవు, వెన్నుపాములోనూ ఉండవు. వెన్నెముకకు ఇరుప్రక్కలా ముడులవలె గుంపులుగా కూర్చొని ఉంటాయి. పిండదశలో ప్రతి కణమూ కదురువలె సాగి, రెండు వైపులా రెండు తంతువులను పంపుతుంది. ఒకటి బయటికి, చర్మంవైపు. మరొకటి లోపలికి, వెన్నుపామువైపు. పిమ్మట ఆ రెంటి మొదళ్ళు కలిసి ఒకే కాడగా మారుతాయి. ఎదిగిన మనిషిలో కాలివ్రేలినుండి బయలుదేరే తంతువు పొడవు మీటరుకు పైమాటే. అయితే దారి వెదకే నాడు ఆ దూరం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. గమ్యం చేరుకొన్న తరువాత శరీరం పెరిగేకొద్దీ తంతువు కూడా సాగుతూపోతుంది. ముందు బాట దొరకాలి, పొడవు తరువాతి మాట.

కహాల్‌కు ముందు ఈ తంతువు ఎట్లా ఏర్పడుతుందో నిశ్చయంగా తెలియదు. దారిపొడవునా ఉన్న కణాలు గొలుసుగా కలిసి తంతువవుతాయని కొందరు, మొదటినుండే వంతెనలవంటి అతుకులున్నవని కొందరు వాదించేవారు. కణంలోనుండి తంతువు మొలకవలె బయటికి పెరుగుతుందని జర్మనీలో పనిచేసిన విల్‌హెల్మ్ హిస్ చెప్పారు గాని, పెరిగే కొనను ఎవరూ చూడలేదు. 1890లో కోడిపిండపు వెన్నుపామును పరీక్షిస్తూ కహాల్ ఆ కొనను చూచారు. సన్నని దారపు చివర ఉబ్బిన శంకువువంటి భాగం, దాని అంచున వ్రేళ్ళవలె విచ్చుకొన్న సన్నని మొనలు. దానికి ఆయన పెరుగుదల శంకువు అని పేరు పెట్టారు. మన వేరుశనగ పైరులో పూత రాలిన తరువాత సన్నని ఊడ నేలవైపు వంగి, మన్ను దొరికేవరకు సాగి, లోపలికి దిగిన తరువాతనే కాయ కట్టుతుంది గదా. నాడీతంతువు కొన కూడా అట్లే మెత్తని కణాల నడుమ తడవుకొంటూ, అడ్డు వస్తే ప్రక్కకు తొలగుతూ, తన చోటును చేరేవరకు సాగుతుందని ఆయన గ్రహించారు. ఒక సంగతి గమనించండి. ఆయన చూచినవన్నీ చంపి, కోసి, రంగు వేసిన చలనం లేని ముక్కలు. ఒక్కటీ కదలలేదు. మూడవనాటి పిండంలో కొన ఇక్కడున్నది, నాలుగవనాటి పిండంలో అక్కడున్నది. ఆ నిశ్చల చిత్రాలను వరుసగా పేర్చి ఆయన నడకను చదివారు. చిన్ననాడు బొమ్మలు గీసినందుకు దెబ్బలు తిన్న చేతికే అది సాధ్యపడిందని నా నమ్మకం.

అయితే ఆ కొనకు దారి చెప్పేదెవరు? 1892లో కంటిపొరను గురించి వ్రాస్తూ కహాల్ ఒక ఊహను ముందుంచారు. గమ్యస్థానంలోని కణాలు కొన్ని రసాయనాలను స్రవిస్తాయనీ, వాటి జాడను బట్టి శంకువు అటు మరలుతుందనీ ఆయన భావించారు. బెల్లం ఉన్న చోటికి చీమ చేరినట్లన్నమాట. ఆ రసాయనమేదో ఆయన చూపలేకపోయారు. చూపే పరికరాలు ఆనాడు లేవు.

1906లో నోబెల్ బహుమతిని గోల్జీకీ కహాల్‌కూ కలిపి ఇచ్చారు. గోల్జీ తన ప్రసంగంలో కహాల్ సిద్ధాంతాన్నే ఖండించారు. ఒకరి రంగుతో మరొకరు చూచినది మొదటివారికి కనబడలేదు. మరుసటి యేడు, 1907లో, అమెరికాలో రాస్ హారిసన్ కప్పపిండంలోని నాడీకణజాలపు ముక్కను శోషరసపు బొట్టులో వ్రేలాడదీసి ఉంచగా, అందులోనుండి తంతువులు సాగడం, వాటి కొనలు కదలడం ప్రత్యక్షంగా కనబడింది. కహాల్ చలనం లేని ముక్కలలో చదివినది నిజమేనని తేలింది.

రసాయనాల కథ ఆయన మరణానంతరం విప్పారింది. యూదు జాతీయురాలైనందున ఉద్యోగం కోల్పోయి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంటి గదిలోనే కోడిగ్రుడ్లతో పరిశోధన చేసిన ఇటలీ వనిత రీటా లెవీ మోంటాల్చీనీ, తరువాత అమెరికాలో 1950 దశకంలో నాడీవృద్ధి కారకాన్ని కనుగొన్నారు. స్టాన్లీ కోహెన్‌తో కలిసి 1986లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఈ పదార్థం దారి చూపేదానికంటె బ్రతికించేది. జ్ఞాననాడులు చర్మాన్ని చేరే వేళకే అక్కడ తయారవుతుంది, చేరినవానిని పోషిస్తుంది. అది అందని కణాలు అణగారిపోతాయి. ఆ పదార్థాన్ని అందుకొనే గ్రాహకం జన్యుదోషంవల్ల పనిచేయకపోతే ఏమవుతుందో 1996లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపారు. అట్టి పిల్లలకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. వేడి గిన్నె పట్టుకొన్నా చేయి తీయరు, నాలుక కొరుక్కొన్నా ఏడవరు. నొప్పి లేని బ్రతుకు సుఖమనుకొనేవారు ఆ తల్లులను అడగాలి.

1990 దశకంలోనే అసలు దారిబోర్డులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. కొన్ని రమ్మని పిలిచేవి, మరికొన్ని పొమ్మని త్రోసేవి. సెమాఫోరిన్ అనే కుటుంబానికి చెందిన ఒక పదార్థం తగిలితే కోడిపిండపు జ్ఞాననాడి శంకువు ముడుచుకొని ఆగిపోతుందని 1993లో తేలింది. పిండపు వెన్నుపాము ముందుభాగంలో ఆ పదార్థం ఉంటుంది. నొప్పిని, వేడిని తెలిపే తంతువులు దానికి జంకి వెనుకభాగంలోనే నిలిచిపోతాయి. కండరం సాగుదలను తెలిపే తంతువులు దానిని లెక్కచేయక ముందుభాగంలోనికి దిగిపోతాయి. ఒకే గుంపులోని తోబుట్టువులు, ఒకే దారిన లోపలికి వచ్చినవారు, ఒకే మాటను చెరొక విధంగా విని చెరొక చోట కాపురముంటారు. 1994లో మరొక బృందంవారు వేలాది కోడిపిండాల మెదళ్ళనుండి నెట్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది వెన్నుపాము నడుమనున్న అడుగుపొరలో పుట్టి, కొన్ని తంతువులను తనవైపు ఆకర్షించి, ఎడమనుండి కుడికి, కుడినుండి ఎడమకు దాటిస్తుంది. కహాల్ 1892లో ఊహించినది, నూటరెండు సంవత్సరాలకు సీసాలోనికి వచ్చింది.

కడపటి దశాబ్దాలలో కహాల్ మరొక ప్రశ్నతో పెనుగులాడారు. తెగిన నాడి చేతిలోనో కాలిలోనో అయితే తిరిగి మొలకెత్తి ఎంతో కొంత దారి వెదకుకొంటుంది. వెన్నుపాములో తెగితే రెండడుగులు వేసి ఆగిపోతుంది. పిండంలో అంత చురుకుగా నడచిన కొన పెద్దవానిలో ఎందుకు నిలిచిపోతుంది? 1913, 1914 సంవత్సరాలలో వెలువడిన రెండు సంపుటాలలో ఆయన దీనిని సవిస్తరంగా చర్చించారు. మన ఊరివైపు చెట్టుమీదనుండి పడి, నడుము విరిగి, మంచం పట్టినవారిని చూచినప్పుడల్లా ఆ ప్రశ్న ఇంకా పూర్తిగా తీరలేదని నాకు గుర్తుకువస్తుంది.

సిల్వేరియా 1930లో కన్నుమూశారు. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో, ఎనభైరెండవ యేట, దివంగతులైనారు. ఆయన స్వహస్తాలతో గీసిన వేలాది చిత్రాలు మాడ్రిడ్‌లో భద్రపరచబడ్డాయి. 2017లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. కోడిపిండపు వెన్నుపాము చిత్రమొకటి ఈ యేడు పదవ తరగతి పిల్లలకు చూపించాను. నల్లని కణాలనుండి బయలుదేరిన తంతువులు నడుమ దారిలో ఆగి ఉన్నాయి, కొనలు విచ్చుకొని ఉన్నాయి. వెనుక బల్ల మీద కూర్చొనే ఒక అమ్మాయి లేచి వచ్చి, ఒక కొనమీద వ్రేలుంచి, ఇది ఎటు పోవాలనుకొంటున్నదని అడిగింది. అవతలి ప్రక్కకు దాటుతుందని చెప్పేలోగా గంట కొట్టారు. మిగిలినది మరునాటికి ఉంచాను.